రక్తం ఎక్కించకుండా ఆపరేషన్: మాత్రలా, ఇంజెక్షనా, మెషీనా?

"ఆపరేషన్ చేయండి గానీ రక్తం మాత్రం ఎక్కించకండి" అనే పేషెంట్లు మూడు రకాలుగా కనిపిస్తారు. విశ్వాసం ప్రకారం రక్తం వద్దనే యెహోవా సాక్షులు (ఒక క్రైస్తవ శాఖ) మొదటివాళ్లు. బాంబే గ్రూపు లాంటి అరుదైన రక్తం ఉండి కావాలన్నా దొరకనివాళ్లు, గతంలో ఎక్కించిన రక్తం వల్ల యాంటీబాడీలు తయారై ఏ బాటిలూ మ్యాచ్ కానివాళ్లు రెండో రకం. ఇన్ఫెక్షన్ల భయంతో వీలైనంతవరకు వద్దనుకునేవాళ్లు మూడో రకం. కారణాలు వేరైనా అందరి ముందుకూ వచ్చే జాబితా దాదాపు ఒకటే: ఐరన్ మాత్రలు, ఐరన్ సెలైన్, ఎర్రకణాలు పెంచే ఎరిత్రోపొయెటిన్ ఇంజెక్షన్, రక్తం కారడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, కారిన రక్తాన్ని కడిగి తిరిగిచ్చే మెషీన్, ఆపరేషన్‌కు ముందు సొంత రక్తం తీసి పక్కన పెట్టుకోవడం. ఏది ఎంచుకోవాలో తేలక ఇంట్లో టెన్షన్.

నా మాట ముందే చెప్పేస్తాను. థియేటర్లో ఉండే ఖరీదైన మెషీన్ కంటే ఆపరేషన్‌కు ముందు దొరికే మూడు నాలుగు వారాలే ఎక్కువ పనిచేస్తాయి. అందుకే మొదట ఎంచుకోవాల్సింది మందును కాదు, తేదీని. తేదీ మీ చేతిలో లేని కేసుల్లో లెక్క మారుతుంది, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు ఇవి తేల్చుకోండి

*ఒంట్లో ఇప్పుడు ఎంత రక్తం ఉంది?* హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12 గ్రాములు, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మంది ఈ గీతకు కిందే ఉన్నారు. అంటే మన దగ్గర ఆపరేషన్ బల్ల ఎక్కే ఆడవాళ్లలో సగానికి పైగా మొదలే తక్కువతో మొదలుపెడుతున్నారు.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చూడండి. 60 కిలోల మహిళ ఒంట్లో కిలోకు సుమారు 65 మిల్లీలీటర్ల చొప్పున 3,900 మి.లీ. రక్తం ఉంటుంది. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు పడిపోకుండా ఆమె ఎంత రక్తం పోగొట్టుకోవచ్చు? ఉన్న హిమోగ్లోబిన్‌లోంచి 7 తీసేసి, వచ్చినదాన్ని 3,900తో గుణించి, మళ్లీ ఉన్న హిమోగ్లోబిన్‌తో భాగించాలి. 9 గ్రాములతో బల్ల ఎక్కితే వచ్చేది సుమారు 870 మి.లీ. అదే 13 గ్రాములతో ఎక్కితే 1,800 మి.లీ. సర్జన్ మారలేదు, ఆపరేషన్ మారలేదు, తట్టుకునే శక్తి రెట్టింపయింది. ఇది మోటు లెక్కే. మత్తు డాక్టర్లు వాడే సూత్రాల్లో చిన్న తేడాలుంటాయి. కానీ విషయం అర్థం కావడానికి ఇది చాలు.

*ఈ ఆపరేషన్‌లో ఎంత పోవచ్చు?* సర్జన్‌ను సూటిగా అడగండి: "మామూలుగా ఎంత పోతుంది, పరిస్థితి చెయ్యి దాటితే ఎంత పోతుంది?" కీహోల్‌లో పిత్తాశయం తీస్తే పోయేది చాలా తక్కువ. సిజేరియన్‌లో అర లీటరు నుంచి లీటరు దాకా పోవచ్చు. మోకీలు మార్పిడిలో బయటికి కనిపించేది కొంచెమే అయినా, కండరాల్లో ఇంకినదాన్ని కలిపితే లీటరు దాకా వెళ్తుంది. బైపాస్, లివర్, పెద్ద వెన్నెముక ఆపరేషన్లు అంతకంటే పైన. కీహోల్‌లో పిత్తాశయం తీయించుకునే మనిషి, హిమోగ్లోబిన్ బాగానే ఉంటే, ఈ వ్యాసంలో సగం వదిలేయవచ్చు.

*టైమ్ ఎంత ఉంది?* నెల ఉంటే మాత్రలకైనా చోటుంది. రెండు మూడు వారాలుంటే ఐరన్ సెలైన్, ఇంజెక్షన్. రేపే అయితే థియేటర్లో చేయగలిగినవే మిగులుతాయి.

*మీరు ఏది ఒప్పుకుంటారు?* ఇన్ఫెక్షన్ల భయం ఉన్నవాళ్లకు ఇది పెద్ద ప్రశ్న కాదు. యెహోవా సాక్షులకు ఇదే అసలు ప్రశ్న. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా ఈ నాలుగూ వాళ్లకు సమ్మతం కాదు. వాటి నుంచి తీసిన చిన్న భాగాలు, అంటే ఆల్బుమిన్, గడ్డకట్టించే ఫ్యాక్టర్లు, ఇమ్యునోగ్లోబులిన్లు ఎవరి మనస్సాక్షికి వాళ్లు తేల్చుకునేవి. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లులకిచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ కూడా చాలావరకు ప్లాస్మా నుంచి తీసిందే. గాయం మీద అంటించే ఫైబ్రిన్ జిగురూ అంతే. డయాలసిస్, హార్ట్-లంగ్ మెషీన్, రక్తం కడిగే మెషీన్ లాంటి వాటినీ ఎవరికివారే తేల్చుకుంటారు. అందుకే ఒకే సంఘానికి చెందిన ఇద్దరు వేర్వేరు జవాబులు చెబితే డాక్టర్లు ఆశ్చర్యపోకూడదు. "రక్తం వద్దు" అని ఒక్క ముక్కలో రాసిస్తే సరిపోదు. ఒక్కో పేరు పక్కన అవునో కాదో ఉండాలి.

ఒక్క చూపులో

| మార్గం | ఫలితానికి పట్టే టైమ్ | ఖర్చు | ఎక్కువగా ఎవరికి | ఎక్కడ తేలిపోతుంది |
|---|---|---|---|---|
| ఐరన్ మాత్రలు | నెల, అంతకు మించి | చాలా తక్కువ | టైమ్ ఉండి, ఐరన్ లోపమే కారణమైనవాళ్లు | కడుపులో మంట, మలబద్ధకంతో మధ్యలో మానేస్తే |
| ఐరన్ సెలైన్ | 2–4 వారాలు | మధ్యస్థం | మాత్రలు పడనివాళ్లు, టైమ్ తక్కువున్నవాళ్లు | లోపం ఐరన్‌ది కాకపోతే |
| ఎరిత్రోపొయెటిన్ | 1–3 వారాలు | ఎక్కువ | రక్తం అసలే వద్దనేవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు | ఐరన్ తోడు లేకపోతే. రక్తనాళాల్లో గడ్డల ముప్పు ఉంటే |
| ట్రానెక్సామిక్ యాసిడ్ | వెంటనే | చాలా తక్కువ | దాదాపు అందరూ | ఫిట్స్, కిడ్నీ సమస్య ఉన్నప్పుడు జాగ్రత్త |
| రక్తం కడిగే మెషీన్ | వెంటనే | ఎక్కువ | లీటరు, ఆపైన పోయే ఆపరేషన్లు | ఇన్ఫెక్షన్, పేగు మలినం కలిసిన చోట |
| అప్పటికప్పుడు సొంత రక్తం తీయడం | వెంటనే | తక్కువ | హిమోగ్లోబిన్ బాగా ఉన్నవాళ్లు | రక్తహీనత ఉంటే కుదరదు |
| ముందే దాచుకున్న సొంత రక్తం | వారాలు | మధ్యస్థం | అరుదైన గ్రూపువాళ్లు | విశ్వాసం అడ్డొచ్చినవాళ్లకు |

మాత్రలు: చవక, కానీ ఓపిక కావాలి

బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరం, దానిమ్మ మంచివే. వాటితో 8 గ్రాముల హిమోగ్లోబిన్ నెలలో 12 అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మాత్రలతో, అన్నీ కలిసొస్తే, నెలకు ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది వేసుకునే పద్ధతిలో: టిఫిన్ అయ్యాక టీతో పాటు, పక్కనే కాల్షియం మాత్ర, పైన గ్యాస్ మాత్ర. ఈ మూడూ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. పరగడుపున నిమ్మరసంతో వేసుకుని, టీ, కాఫీ, పాలు కనీసం గంట దూరం పెట్టాలి. రోజూ పడకపోతే రోజు విడిచి రోజు వేసుకున్నా ఒక్కో మాత్ర నుంచి ఒంటికి పట్టే ఐరన్ ఎక్కువే ఉంటుందని స్విట్జర్లాండ్‌లో జరిగిన అధ్యయనాలు చూపించాయి. విరేచనం నల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు.

అన్నిటికంటే ముందు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. 30 కంటే తక్కువుంటే ఐరన్ లోపం ఖాయం. శాకాహారులైతే బీ12 కూడా చూడాలి. తలసీమియా ట్రెయిట్ (హిమోగ్లోబిన్ తయారీలో పుట్టుకతో వచ్చే చిన్న లోపం) ఉన్న మనిషికి, ఐరన్ లోపం లేకుండానే, ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలు మింగించడం మన దగ్గర మామూలే. అలాంటివాళ్లకు మాత్రలు, సెలైన్ రెండూ వృథా. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లకు సికిల్ సెల్ పరీక్ష తప్పనిసరి. అది ఉంటే మత్తు దగ్గర నుంచి మెషీన్ దాకా అన్నీ మారిపోతాయి.

ఐరన్ సెలైన్: టైమ్‌ను కొనుక్కోవడం

ఎంత ఐరన్ కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు: బరువును పెరగాల్సిన గ్రాములతో, మళ్లీ 2.4తో గుణించి 500 కలపాలి. 60 కిలోల మనిషికి 8 నుంచి 13కు తేవాలంటే 1,220 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్ అయితే ఒక విడతకు 200 చొప్పున ఆరు విడతలు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ అయితే ఒక్కసారికి వెయ్యి దాకా ఎక్కించవచ్చు కాబట్టి రెండు విడతల్లో అయిపోతుంది. రెండోది ఖరీదెక్కువ. కానీ నూజివీడు నుంచి విజయవాడకు బస్సు చార్జీలు, పనికి వెళ్లని రోజుల కూలి కలిపి చూసుకుంటే తేడా అంత ఉండకపోవచ్చు. ఎక్కించాక అరగంట అక్కడే కూర్చోబెడతారు. లేచి వెళ్లిపోకండి, రియాక్షన్ వస్తే ఆ టైమ్‌లోనే వస్తుంది.

మరో వైపు కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 487 మందితో చేసి 2020లో ఫలితాలు వెలువరించిన 'ప్రివెంట్' అనే పరిశోధనలో, పెద్ద పొట్ట ఆపరేషన్లకు 10 నుంచి 42 రోజుల ముందు ఐరన్ సెలైన్ ఇచ్చినా రక్తం ఎక్కించాల్సిన అవసరం తగ్గలేదు. హిమోగ్లోబిన్ మాత్రం పెరిగింది. దీన్ని చూపించి "ఐరన్ సెలైన్ దండగ" అనే డాక్టర్లున్నారు. నేను ఒప్పుకోను. రక్తం ఎక్కించే అవకాశం చేతిలో ఉన్న పేషెంట్ల మీద జరిగిన పరిశోధన అది. ఆ అవకాశమే లేని మనిషికి ఒక్క గ్రాము తేడా ఎంత విలువైనదో పైన లెక్కలో చూశాం. ఆపరేషన్‌కు పది రోజుల ముందు ఎక్కించి అద్భుతాలు ఆశించడం మాత్రం తప్పే.

ఎరిత్రోపొయెటిన్: బలమైన మందు, జాగ్రత్తగా వాడాలి

డయాలసిస్ సెంటర్లలో రోజూ వాడే ఇంజెక్షనే ఇది. ఎముక మజ్జను ఎర్రకణాలు తయారుచెయ్యమని తొందరపెడుతుంది. ఆపరేషన్‌కు ముందు వాడే ఒక పద్ధతిలో 21, 14, 7 రోజుల ముందూ, ఆపరేషన్ రోజూ కిలోకు 600 యూనిట్ల చొప్పున ఇస్తారు. మజ్జ పరుగెత్తాలంటే ముడిసరుకు కావాలి కాబట్టి ఐరన్ తోడు తప్పదు. ఐరన్ లేకుండా ఇది ఒక్కటే ఇస్తే డబ్బు పోవడం తప్ప ఫలితం ఉండదు.

ముప్పు రక్తనాళాల్లో గడ్డలది. బీపీ అదుపులో లేనివాళ్లకు, ఇటీవల స్ట్రోక్ లేదా గుండెపోటు వచ్చినవాళ్లకు, కాళ్లలో గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు డాక్టర్లు వెనకాడతారు. క్యాన్సర్ పేషెంట్లకు ఇవ్వాలా వద్దా అనేది క్యాన్సర్ డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. ఇన్ఫెక్షన్ల భయంతో రక్తం వద్దనుకునే మనిషికి ఈ రిస్కు అనవసరమని నా అభిప్రాయం. ఐరన్‌తో సరిపెట్టుకోవచ్చు. యెహోవా సాక్షులకైతే ఆ తూకం మారుతుంది, రిస్కు తీసుకోవడం చాలాసార్లు సబబే. ఒక చిన్న విషయం: కొన్ని కంపెనీల ఎరిత్రోపొయెటిన్‌లో మందు చెడిపోకుండా ఆల్బుమిన్ కలుపుతారు. ఆల్బుమిన్ వద్దనేవాళ్లు అది కలవని రకం అడిగి తీసుకోవాలి.

ట్రానెక్సామిక్ యాసిడ్: ఇంత చవకైనదాన్ని ఎందుకు మరుస్తారో

1960ల మొదట్లో జపాన్‌లో ఉతాకో ఒకామోటో, షోసుకే ఒకామోటో దంపతులు కనిపెట్టిన మందు. గాయం దగ్గర ఏర్పడిన రక్తపు గడ్డ తొందరగా కరిగిపోకుండా కాపాడుతుంది. రక్తంలో భాగం కాదు కాబట్టి విశ్వాసపరంగా అడ్డు లేదు. 2010లో ఫలితాలు వచ్చిన 'క్రాష్-2' పరిశోధన 40 దేశాల్లో 20 వేల మందికి పైగా గాయపడినవాళ్ల మీద జరిగింది, మరణాలు తగ్గాయి. 2022లో 'పాయిస్-3' 9,535 మంది మీద, గుండె ఆపరేషన్లు కాని వాటిలో చూసింది. ఆపరేషన్ మొదట్లో ఒక గ్రాము, చివర్లో ఒక గ్రాము. తీవ్రమైన రక్తస్రావం 11.7 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గింది. రక్తనాళాల్లో గడ్డల సమస్య పెద్దగా పెరిగినట్టు కనిపించలేదు, అయితే పెరగదని గట్టిగా రుజువూ కాలేదు.

గుండె ఆపరేషన్లలో ఎక్కువ డోసు వాడినప్పుడు ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. కిడ్నీ బలహీనంగా ఉంటే డోసు తగ్గిస్తారు. ఇవి పక్కన పెడితే, ఖరీదైన మెషీన్ గురించి గంటసేపు మాట్లాడి ఈ ఇంజెక్షన్ మాటే ఎత్తని ప్లాన్ మీకు ఎవరైనా చూపిస్తే, ఆ ప్లాన్‌ను నేను అనుమానిస్తాను.

రక్తం కడిగే మెషీన్, సొంత రక్తం పక్కన పెట్టడం

ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని సక్షన్‌తో పీల్చి, గడ్డకట్టకుండా మందు కలిపి, గిర్రున తిప్పి, సెలైన్‌తో కడిగి, ఎర్రకణాలను మాత్రం తిరిగి పేషెంటుకే ఎక్కించే యంత్రం ఇది. గుడ్డలకు అంటినది, నేల మీద పడినది పోయినట్టే, కాబట్టి మొత్తం వెనక్కి రాదు. ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే ఫ్యాక్టర్లు కడగడంలోనే పోతాయి. అందువల్ల చాలా పెద్ద రక్తస్రావంలో ఎర్రకణాలు ఉన్నా రక్తం గడ్డకట్టని పరిస్థితి రావచ్చు. బైపాస్, పెద్ద రక్తనాళాలు, వెన్నెముక, తుంటి ఆపరేషన్లలో దీనికి నిజంగా విలువ ఉంది. చీము ఉన్నచోట, పేగు మలినం కలిసిన చోట వాడరు. క్యాన్సర్‌లో ప్రత్యేక ఫిల్టర్ పెట్టి వాడేవాళ్లున్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు.

యెహోవా సాక్షుల్లో దీన్ని ఒప్పుకునేవాళ్లు సాధారణంగా ఒక షరతు పెడతారు: ట్యూబు మధ్యలో తెగకూడదు, రక్తం ఒంటితో కలిసే ఉండాలి. మెషీన్ నడిపే టెక్నీషియన్‌కు ఈ సంగతి ముందే చెప్పి, మొదట్లోనే గొట్టాలన్నీ కలిపించాలి. ఇంకో మాట. "మా దగ్గర మెషీన్ ఉంది" అన్న జవాబుతో ఆగకండి. దాని కిట్ స్టాకులో ఉందా, రాత్రి పదింటికి నడిపేవాళ్లున్నారా, గత నెలలో ఎన్నిసార్లు వాడారు అని అడగండి. కవరు కప్పి మూల పెట్టిన మెషీన్ ఎవరికీ పనికిరాదు.

మత్తు ఇచ్చాక, కోత పెట్టక ముందు, ఒకటి రెండు యూనిట్ల రక్తాన్ని బ్యాగులోకి తీసి, ఆ చోటు సెలైన్‌తో నింపి, చివర్లో తిరిగి ఎక్కించే పద్ధతి మరొకటి. ఆపరేషన్‌లో పోయేది పలచబడ్డ రక్తం, వెనక్కి వచ్చేది చిక్కటిది, అదీ లాజిక్. ఇందులో ప్లేట్‌లెట్లు కూడా తిరిగి వస్తాయి. కానీ హిమోగ్లోబిన్ బాగా ఉన్నవాళ్లకే కుదురుతుంది. గుండె ఆపరేషన్లలో రెండు వేల మంది మీద జరిగి 2025లో బయటికొచ్చిన పరిశోధనలో ఇది రక్తం ఎక్కించే అవసరాన్ని తగ్గించలేదు. మెషీన్ లేని చోట, బలంగా ఉన్న పేషెంటుకు ఒక అదనపు రక్షణగా మాత్రమే నేను దీన్ని చూస్తాను.

వారాల ముందే బ్లడ్ బ్యాంకులో సొంత రక్తం దాచుకోవడం బాంబే గ్రూపువాళ్లకు బాగా అక్కరకొస్తుంది. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన ఈ గ్రూపు మన దేశంలో సుమారు పది వేల మందిలో ఒకరికి ఉంటుంది. మామూలు పరీక్షలో 'ఓ' అని కనిపిస్తుంది, 'ఓ' రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది. సొంత రక్తం ఇచ్చిన ప్రతిసారీ ఐరన్ పోతుంది కాబట్టి, ఇచ్చినదాన్ని తిరిగి నింపుకునే టైమ్ చూసుకోవాలి. ఇలా ఒంటి నుంచి వేరుచేసి నిల్వ పెట్టిన రక్తం విషయంలో యెహోవా సాక్షులైన పేషెంటును విడిగా అడిగి జవాబు రాసుకోవాలి.

సర్జన్ చేతిలో ఉన్నవి

వీటికి ఎవరూ బిల్లు వేయరు గనుక ఎవరూ పెద్దగా చెప్పరు. కీహోల్ పద్ధతి, రక్తనాళాలను కాల్చి మూసే పరికరాలు, బీపీ కాస్త తక్కువగా ఉంచడం, పేషెంటును వెచ్చగా ఉంచడం. ఒళ్లు 36 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు. గజగజలాడించే ఏసీ థియేటర్లలో ఇది చిన్న విషయం కాదు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి సాధారణంగా ఐదు రోజుల ముందు ఆపుతారు, అయితే గుండె డాక్టర్ చెప్పకుండా సొంతంగా ఆపకండి, స్టెంటు మూసుకుపోవచ్చు.

పెద్ద ఆపరేషన్‌ను రెండుగా విడగొట్టడం నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం. హైదరాబాద్‌లో రెండు మోకాళ్లూ ఒకేసారి మార్పించుకోవడం ఫ్యాషనైపోయింది: ఒకే మత్తు, ఒకే సెలవు. రక్తం వద్దనే మనిషికి ఇది మంచి బేరం కాదు. ఒకటి చేయించుకుని, హిమోగ్లోబిన్ కోలుకున్నాక రెండోది. ఖర్చు పెరుగుతుంది, పెరగనీయండి.

మీరు ఎవరు? అయితే ఏది?

*గర్భసంచిలో గడ్డలు, నెలనెలా విపరీతంగా బ్లీడింగ్, హిమోగ్లోబిన్ 7 లేదా 8.* గర్భసంచి తీయించుకున్నవాళ్ల శాతం ఎక్కువున్న రాష్ట్రాల్లో మన రెండూ ముందు వరుసలో ఉన్నాయి, కాబట్టి ఇది చాలా ఇళ్ల కథ. ఒకవైపు ఐరన్ పోస్తూ మరోవైపు నెలసరిలో పోనిస్తే అడుగు ఊడిన బిందెలో నీళ్లు పోసినట్టే. ముందు బ్లీడింగ్ ఆపాలి: హార్మోన్ మాత్రలతో గానీ, నెలసరిని కొన్నాళ్లు ఆపే ఇంజెక్షన్‌తో గానీ, ఆ రోజుల్లో ట్రానెక్సామిక్ మాత్రలతో గానీ. దాంతోపాటు ఐరన్ సెలైన్. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగగలిగితే చాలామందికి పెద్ద ప్రయత్నం లేకుండానే 11, 12 వస్తుంది. అసలు ఆపరేషన్ కావాలా అన్నది కూడా అప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. గడ్డలకు రక్తం అందకుండా చేసే ఎంబొలైజేషన్, గర్భసంచిలో పెట్టే హార్మోన్ కాయిల్ కూడా ఉన్నాయి.

*మోకీలు మార్పిడి.* ఫెరిటిన్ చూసి, లోపం ఉంటే నెల ముందు నుంచే ఐరన్, ఆపరేషన్‌లో ట్రానెక్సామిక్ యాసిడ్, ఒకసారికి ఒక మోకాలు. చాలామందికి ఇంతే చాలు, మెషీన్‌కు డబ్బు పెట్టకండి.

*బైపాస్ లేదా వాల్వ్.* ఇక్కడ మెషీన్ ఉన్న, ఇలాంటి కేసులు చేసిన ఆసుపత్రి కావాలి. ఇది కొత్త సాహసమేమీ కాదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో గుండె సర్జన్ డెంటన్ కూలీ 1962 నుంచే యెహోవా సాక్షులకు రక్తం లేకుండా గుండె ఆపరేషన్లు చేశాడు. 1977లో ప్రచురించిన నివేదికలో అలాంటివి 542. అందులో రక్తం పోవడమే నేరుగా కారణమైన మరణాలు 3, రక్తహీనత కూడా ఒక కారణమైనవి మరో 12. ఈ రెండో అంకె చూస్తే ఆపరేషన్‌కు ముందు హిమోగ్లోబిన్ పెంచడం ఎందుకో అర్థమవుతుంది.

*పేగు క్యాన్సర్.* నెలలు ఆగే వీలుండదు, గడ్డ నుంచి రక్తం కారుతూనే ఉంటుంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ లాంటి పెద్ద డోసు ఐరన్ వెంటనే, కీహోల్ అనుభవమున్న సర్జన్. ఎరిత్రోపొయెటిన్, మెషీన్ రెండింటికీ ఇక్కడ ప్రశ్నార్థకాలున్నాయి కాబట్టి వాటి మీద ప్లాన్ కట్టకండి.

*గర్భిణులు.* ఏడో నెలలోనే హిమోగ్లోబిన్ చూపించుకోండి, తొమ్మిదో నెలలో కాదు. మాయ అడ్డంగా ఉన్నా, పాత సిజేరియన్ కుట్టు మీద అతుక్కున్నా చిన్న నర్సింగ్ హోమ్‌లో ప్రసవం వద్దు. బ్లీడింగ్ మొదలయ్యాక అంబులెన్స్‌లో దూరం పోయే టైమ్ ఉండదు.

*యాక్సిడెంట్, ఎమర్జెన్సీ.* తేదీ ఎంచుకునే అవకాశం లేని సందర్భం ఇదే. ట్రానెక్సామిక్ యాసిడ్ మొదటి మూడు గంటల్లో, వీలైనంత తొందరగా. రక్తం ఎక్కడ కారుతోందో అక్కడ వెంటనే ఆపడం. మామూలు కేసులో "చూద్దాం, ఆగుతుందేమో" అని గంట గడపవచ్చు. రక్తం వద్దన్నవాళ్ల విషయంలో ఆ గంట లేదు.

హిమోగ్లోబిన్ పడిపోతే ఏమవుతుంది

ఈ ప్రశ్న అడగకుండా ఏ ఎంపికా పూర్తి కాదు. విశ్వాసరీత్యా రక్తం నిరాకరించిన పేషెంట్లలో, ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 8 లేదా అంతకంటే తక్కువైన 300 మందిని పరిశీలించి జెఫ్రీ కార్సన్ బృందం 2002లో ఫలితాలు ప్రచురించింది. 7.1 నుంచి 8 మధ్య ఉన్నవాళ్లలో ఎవరూ చనిపోలేదు. 4.1 నుంచి 5 మధ్య ఉన్నవాళ్లలో 34.4 శాతం మంది చనిపోయారు. అంటే 7 దగ్గర గాభరా పడక్కర్లేదు, 5 దగ్గర ధైర్యం చెప్పుకోవడానికి ఏమీ లేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఈ గీత ఇంకా పైన ఉంటుంది. "ఏం కాదు లెండి" అనే డాక్టరూ, "చచ్చిపోతారు" అని ఒక్క మాటలో తేల్చేసే డాక్టరూ ఇద్దరూ ఈ అంకెలు చెప్పనట్టే. రక్తానికి బదులు వాడే కృత్రిమ ద్రవాల గురించి ఫార్వర్డ్ మెసేజ్‌లు వస్తుంటాయి. ఒకదానికి 2001లో దక్షిణాఫ్రికా అనుమతిచ్చింది, కానీ మన ఊళ్లో అడిగితే దొరికే సరుకు కాదు.

కాగితం

స్పృహలో ఉన్న, సొంత నిర్ణయం తీసుకోగల పెద్దవాళ్లు వైద్యాన్ని నిరాకరించవచ్చని సుప్రీంకోర్టు 2018 నాటి కామన్ కాజ్ తీర్పులో స్పష్టంగా చెప్పింది. కానీ థియేటర్ బయట జరిగేది వేరు. పేషెంటు మత్తులో ఉండగా బావమరిదో పెద్దకొడుకో "ఒక్క బాటిల్ ఎక్కించండి డాక్టర్ గారూ, మేం సంతకం పెడతాం" అంటారు. అందుకే పేషెంటును బంధువులు గానీ సంఘం పెద్దలు గానీ లేకుండా ఒంటరిగా ఒకసారి అడగాలి. ఒత్తిడి రెండు వైపుల నుంచీ ఉండవచ్చు. జవాబును కన్సెంట్ ఫారంలో పేషెంటు మాటల్లోనే రాయాలి: ఏది వద్దు, ఏది ఫర్వాలేదు, ప్రాణం పోయే పరిస్థితి వచ్చినా ఇదే మాటా. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో ఈ స్వేచ్ఛ తల్లిదండ్రులకు అంత ఉండదు. ప్రాణాపాయంలో డాక్టర్లు పిల్లల ప్రాణం వైపే నిలబడతారు.

ఏ డాక్టరైనా "నా వల్ల కాదు" అంటే కోపం తెచ్చుకోకండి. ముందురోజు చెప్పడం మర్యాద, బల్ల మీద చెప్పడం ప్రమాదం. సర్జన్ ఒప్పుకున్నా మత్తు డాక్టర్ ఒప్పుకోకపోతే ఆ ఒప్పందానికి విలువ లేదు, ఇద్దరినీ ఒకే గదిలో కలవండి. ఆపరేషన్ అయ్యాక ఐసీయూలో రోజుకు మూడుసార్లు పెద్ద ట్యూబుల్లో రక్తం తీస్తే అదీ లెక్కలోకే వస్తుంది. పిల్లలకు వాడే చిన్న ట్యూబులు వాడమని, అవసరమైన పరీక్షలే రాయమని ముందే అడిగి పెట్టుకోండి, డిశ్చార్జ్ అయ్యాక ఐరన్ ఎన్నాళ్లు వాడాలో కూడా ఆ కాగితం మీదే రాయించుకోండి.